మైనస్ మైనస్ ప్లస్: ఎనిమిదో తరగతి విద్యార్థి గుర్తుల తప్పులపై ఒక కేస్ స్టడీ

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది 2023-24 విద్యా సంవత్సరంలో మా బడిలో ఎనిమిదో తరగతి చదివిన ఒక అబ్బాయి విషయం. అతని పేరు, ఊరు రాయడం లేదు. చదువులో వెనకబడిన పిల్లవాడన్న ఉద్దేశంతో అతణ్ణి ఎంచుకోలేదు. అతని తప్పుల్లో నా చేతిరాత కనిపించింది కాబట్టి ఎంచుకున్నాను.

ఎనిమిదో తరగతి గణితంలో మొదటి అధ్యాయం అకరణీయ సంఖ్యలు, రెండవది ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు. ఆరు, ఏడు తరగతుల్లో చెప్పిన పూర్ణసంఖ్యల కూడికలు, తీసివేతలు చేతికి వచ్చి ఉంటేనే ఈ రెండు అధ్యాయాలూ సాగుతాయి. జూలైలో పెట్టిన ఒక స్లిప్ టెస్టులో 2x − 7 = −15 అనే సమీకరణం ఇచ్చాను. ఈ అబ్బాయి 7ను సరిగ్గానే అవతలికి పంపి, 2x = −15 + 7 అని రాసి, కింది వరుసలో 2x = −22 అనీ, చివరికి x = −11 అనీ తేల్చాడు. పద్ధతంతా సరైనదే, జవాబు మాత్రం తప్పు. అర మార్కు వేసి, పక్కన ఎర్ర సిరాతో 'అజాగ్రత్త! గుర్తులు చూసుకో' అని రాశాను.

మార్కులు రిజిస్టరులో ఎక్కించేటప్పుడు అతని పాత పేపర్లు కూడా చేతికి తగిలాయి. మూడింటి మీదా ఆ 'అజాగ్రత్త' అనే మాటే ఉంది, మూడూ నేను రాసినవే. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఇతని తప్పు మాత్రం ప్రతిసారీ ఒకే తీరుగా, ఎక్కడా దారి తప్పకుండా వస్తోంది. అంత నిలకడగా తప్పు చేయాలంటే చాలా జాగ్రత్త కావాలి.

తప్పు వెనుక ఉన్న సూత్రం

మరుసటి వారం అతనికి 20 లెక్కల కాగితం ఒకటి తయారు చేసి ఇచ్చాను. అందులో అయిదు రకాలు, ఒక్కో రకంలో నాలుగేసి లెక్కలు: 4 − 9 వంటివి, −3 − 5 వంటివి, −7 + 3 వంటివి, −3 − (−5) వంటివి, (−3) × (−5) వంటివి. మొత్తం మీద అతనికి 9 వచ్చాయి. ఆ 9ని మాత్రమే చూసేవారు 'సగం వచ్చు, సగం రాదు, ఇంకా అభ్యాసం కావాలి' అంటారు. నేను కూడా చాలా ఏళ్లుగా అలాగే అంటున్నాను. రకాల వారీగా విడదీసి చూస్తే బొమ్మ వేరుగా ఉంది. గుణకారాలు నాలుగుకు నాలుగు, 4 − 9 రకం నాలుగుకు నాలుగు, −3 − 5 రకం సున్నా, −3 − (−5) రకం సున్నా. −7 + 3 రకంలో ఒక్కటి మాత్రం సరిపోయింది, అది −6 + 6.

మధ్యాహ్న భోజనం తరువాత నాకు లీజర్ పీరియడ్ ఉన్న రోజు చూసి, అతణ్ణి వరండాలో కూర్చోబెట్టి, పైకి చెబుతూ లెక్క చేయమన్నాను. −3 − 5 ముందు పెట్టగానే తడుముకోకుండా అన్నాడు: "మైనస్ మైనస్ ప్లస్. మూడు, అయిదు ఎనిమిది. ప్లస్ ఎనిమిది సార్." −7 + 3కు "మైనస్ ప్లస్ మైనస్, మైనస్ పది" అన్నాడు. −3 − (−5) దగ్గర బ్రాకెట్ తీసేసి −3 + 5 అని సరిగ్గా రాసి, ఆ తరువాత మళ్లీ "మైనస్ ప్లస్ మైనస్" అంటూ −8 వేశాడు. 4 − 9కి మాత్రం −5 ఎలా వచ్చిందని అడిగితే, "నాలుగుకు ముందట గుర్తు లేదు కద సార్, గుర్తు ఒక్కటే ఉన్నది, ఇంక దేనితోని కలపాలె?" అన్నాడు. −6 + 6 గురించి అడిగితే, "రెండూ ఒకటే, కొట్టుకపోతయి" అన్నాడు.

అతని సూత్రం పూర్తిగా తేటపడింది. లెక్కలో రెండు గుర్తులు కనిపిస్తే ముందు గుర్తులను గుణించాలి, తరువాత అంకెలను కూడాలి. ఈ సూత్రంతో, ఆ −6 + 6 ఒక్కటి తప్ప, మిగిలిన 19 లెక్కలకూ అతని జవాబులను నేనే ముందుగా ఊహించి రాయగలిగేవాణ్ణి. ఎవరు నేర్పారని అడిగితే, ఏమీ దాచుకోకుండా చెప్పాడు: "మీరే చెప్పిన్రు సార్. ఏడో తరగతి గోడకు చార్టు కూడా ఉన్నది."

వెళ్లి చూశాను. ఉంది. రెండేళ్ల కిందట పసుపుపచ్చ చార్టు మీద స్కెచ్ పెన్నుతో నేనే రాసి అంటించినది: 'మైనస్ మైనస్ ప్లస్, మైనస్ ప్లస్ మైనస్, ప్లస్ మైనస్ మైనస్, ప్లస్ ప్లస్ ప్లస్.' పిల్లలు పాటలా చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని మధ్యలో 'ఇంటూ' అనే మాట వదిలేశాను. పాట బాగానే కుదిరింది. అది గుణకారానికి మాత్రమే చెల్లుతుందన్న సంగతి ఆ ఒక్క మాటతోపాటే పోయింది. ఆ 20 లెక్కల కాగితాన్నే తరగతిలోని 31 మందికీ ఇచ్చి చూస్తే 11 మంది పేపర్లలో ఇదే నమూనా కనిపించింది. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను. చార్టు తీసినంత సులువుగా తలలోంచి పాటను తీయలేమన్నది వేరే సంగతి.

ఒకే మాట, రెండు పనులు

దీనికి మరొక కారణం కూడా ఉందని నా అభిప్రాయం. అతని కాగితం మీద −3 − 5లో రెండు అడ్డగీతలున్నాయి. మొదటిది సంఖ్య ఎలాంటిదో చెబుతోంది, రెండవది ఏం చేయాలో చెబుతోంది. తెలుగులో వీటికి రెండు వేరు వేరు మాటలు ఉన్నాయి, మొదటిది 'ఋణ', రెండవది 'తీసివేత'. నేను చదువుకున్న రోజుల్లో మా సారు దీన్ని 'ఋణ మూడులోంచి అయిదు తీసివేయగా' అని చదివించేవారు. రాష్ట్రంలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం వచ్చిన తరువాత ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. తెలుగు పేజీలో 'ఋణ' అనే మాట ఇప్పటికీ ఉంది. తరగతి గదిలో మాత్రం నేను గాని పిల్లలు గాని దాన్ని పలకడం లేదు. ఇంగ్లీషులోనైనా 'నెగెటివ్' అనే వేరే మాట ఉంది, దాన్నీ పలకడం లేదు. రెండు గీతలకూ కలిపి మా నోట 'మైనస్' ఒక్కటే మిగిలింది. పలికే మాటలో తేడా లేనప్పుడు పిల్లవాడికి తలపులో తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ఇది మీడియం మీద ఫిర్యాదు కాదు. ఏ మీడియంలో చెప్పినా ఆ రెండు మాటలను విడిగా పలికి ఉండవలసింది నేను.

నా మొదటి ప్రయత్నం, అది ఎందుకు బెడిసికొట్టింది

ఋణం అంటే అప్పు. గణితంలో ఈ ఊహ చాలా పాతది. సా.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో సంఖ్యలను ధనం, ఋణం, శూన్యం అని విడదీసి వాటిని కలపడానికి, తీసివేయడానికి, గుణించడానికి నియమాలు చెప్పాడు. ధనమంటే సొమ్ము, ఋణమంటే అప్పు. ఊరి పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఇంకొకటి దొరకదనుకుని, ఆగస్టు మొదటి వారంలో అతనికి అప్పు లెక్కలు చెప్పడం మొదలుపెట్టాను. "−300 అంటే మూడు వందల అప్పు. ఇంకో అయిదు వందలు అప్పయితే మొత్తం ఎంత?" ఇలా ఒక వారం నడిచింది. అతడు తల ఊపేవాడు, "ఎనిమిది వందలు సార్" అనేవాడు, కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం +800 అని రాసేవాడు. నేను గొంతు పెంచేవాణ్ణి. అది కూడా కేసులో భాగమే కాబట్టి రాస్తున్నాను.

చివరికి ఒక రోజు కాస్త విసుగ్గానే అడిగాను, "అప్పు అని చెప్పినంక కూడా ప్లస్ ఎందుకు పెడుతున్నవురా?" అతడు కొంచెంసేపు నేల చూపులు చూసి, "బాకీ అంటే మాకు రావాల్సిన పైసలు గద సార్. అవి మైనస్ ఎట్లయితయి?" అన్నాడు.

వాళ్లమ్మకు ఊళ్లో చిన్న కిరాణం కొట్టు ఉంది. ఆమెకు రాయడం రాదు. ఉద్దెర పుస్తకం రాసేది ఇతడే, అయిదో తరగతి నుంచీ. అతని ఇంట్లో 'బాకీ' అన్న మాట వినిపిస్తే అది రావలసిన సొమ్ము. నేను అప్పు తీసుకున్నవాడి పక్కన నిలబడి మాట్లాడుతున్నాను, అతడు అప్పు ఇచ్చినవాడి గల్లాపెట్టె వెనుక కూర్చుని వింటున్నాడు. ఇద్దరమూ ఒకే అప్పు గురించి మాట్లాడుతూ, ఒకే గీతకు చెరోవైపు ఉన్నాం. పిల్లల జీవితంలోంచి ఉదాహరణలు తీసుకోవాలని శిక్షణల్లో చెబుతూనే ఉంటారు. ఆ ఉదాహరణలో పిల్లవాడు ఏ వైపు కూర్చుని ఉన్నాడో కూడా అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

చుట్టిన అంకెలు

మరుసటి రోజు ఆ పుస్తకాన్ని తెమ్మన్నాను. నూనె మరకలున్న రెండు వందల పేజీల పొడుగు నోట్‌బుక్కు. ఒక్కో ఇంటికి ఒక పేజీ. పైన ఇంటిపేరు కూడా లేదు, 'మూలమలుపు', 'కొత్తిల్లు' వంటి గుర్తులే. కింద సర్ఫ్ 10, నూనె ప్యాకెట్, చాయ్‌పత్తి, ఎదురుగా అంకెలు. డబ్బు ముట్టినప్పుడు 'జమ' అని రాసి, పాత మొత్తం మీద ఏటవాలు గీత కొట్టి, కొత్త మొత్తం వేసుకున్నాడు. పేజీలు తిప్పుతుంటే ఒకచోట అంకె చుట్టూ సున్న చుట్టి ఉంది, లోపల 300. ఏమిటని అడిగాను.

"ఆమెకు పాల బిల్లొచ్చింది సార్. రెండు వందల బాకీకి అయిదు వందల నోటిచ్చి, మిగిలినయి మీ దగ్గరనే ఉండనియ్యి అన్నది. అంటే మనమే ఆమెకు మూడు వందలియ్యాలె. అట్లుంటే నేను సున్న చుడత."

ఆ తరువాత ఆమె 120 రూపాయల సరుకులు తీసుకుంది. పుస్తకంలో దాని కింద చుట్టిన 180 ఉంది. వెంటనే రఫ్ కాగితం మీద −300 + 120 ఎంతో చేయమన్నాను. నా కళ్లముందే −420 అని రాశాడు. ఒకే పిల్లవాడు, ఒకే లెక్క, ఒకే పూట. పుస్తకంలో సరైనది, కాగితం మీద తప్పు.

అప్పటి నుంచి బోధన తీరు మార్చాను. నా ఉదాహరణను పక్కనపెట్టి అతని గుర్తును తీసుకున్నాం. చుట్టిన అంకె అంటే ఋణ సంఖ్య. సరుకు తీసుకెళితే కూడిక, పైసలు ముట్టితే తీసివేత. −300 − 500 అంటే మనమే మూడు వందలు ఇవ్వాల్సి ఉండగా ఆమె ఇంకో అయిదు వందలు కట్టింది. ఇంక మనం ఎంత ఇవ్వాలి? చుట్టిన 800. దీన్ని అతడే చెప్పాడు. 'మైనస్ మైనస్ ప్లస్' అన్న మాట అతని నోట రాకుండా ఆ లెక్క పూర్తి కావడం నేను వినడం అదే మొదటిసారి. భాస్కరాచార్యుడు కూడా బీజగణితంలో ఋణ సంఖ్యకు పైన చుక్క పెట్టే పద్ధతిని వాడాడని, అంటే సంఖ్య గుర్తూ తీసివేత గుర్తూ ఒకటే కానక్కరలేదని అతనికి చెప్పాను. "అయితే నాది కూడా కరెక్టే గద సార్" అన్నాడు. కరెక్టే.

−3 − (−5) దగ్గర నేను భయపడ్డాను. ఈ రకం లెక్కకు అప్పుల ఉదాహరణ సాధారణంగా సాగదు, పిల్లలు 'అప్పును తీసివేయడం ఏమిటి' అని ఆగిపోతారు. ఇక్కడ దారి చూపింది కూడా ఉద్దెర పుస్తకమే. ఒకరి జమను పొరపాటున ఇంకొకరి పేజీలో ఎక్కించడం కొట్టులో అప్పుడప్పుడూ జరుగుతుంది. ఒక పేజీలో మనమే మూడు రూపాయలు ఇవ్వాలని ఉంది. చూస్తే అందులో అయిదు రూపాయల జమ ఒకటి ఆమెది కాదు, తప్పుగా పడింది. దాన్ని కొట్టేస్తే? అతడు కాసేపు ఆలోచించి, "అయితే ఆమెనే మనకు రెండు రూపాయలియ్యాలె" అన్నాడు. కాగితం మీద సున్న చుట్టకుండా 2 వేశాడు. కొట్టేయడం తీసివేత, కొట్టేయబడింది చుట్టిన 5. రెండు గీతల పనులు రెండూ అతనికి విడివిడిగా కనిపించిన చోటు అది. ఆ తరువాత ప్రతి లెక్కనూ 'ఋణ మూడులోంచి ఋణ అయిదు తీసివేత' అని పైకి చదివించాకనే చేయించాను. మొదట సిగ్గుపడ్డాడు, తరువాత అలవాటైంది.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మేము కూర్చున్నది మొత్తం పన్నెండు సార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాల లోపే. హాజరు యాప్, భోజనాల లెక్క, ఎవరైనా రాకపోతే వారి పీరియడ్ చూసుకోవడం, వీటి మధ్య దొరికింది అంతే.

ఫలితాలు, ఒక కొత్త చిక్కు

దసరా సెలవులకు ముందు అవే అయిదు రకాలతో, అంకెలు మార్చి, మళ్లీ 20 లెక్కలు ఇచ్చాను. ఈసారి 17 వచ్చాయి. −3 − 5 రకం నాలుగుకు నాలుగు, −7 + 3 రకంలో మూడు, −3 − (−5) రకంలో రెండు, మిగిలిన రెండు రకాలూ పూర్తిగా. ఇక్కడితో ఆపి ఉంటే ఇది మంచి నివేదికే అయ్యేది.

సెలవుల తరువాత పత్తి ఏరడం మొదలైంది. తల్లి కూలికి వెళితే కొట్టులో ఇతడు కూర్చోవాలి. నవంబరు 30న శాసనసభ ఎన్నికల పోలింగు, దానికి ముందు మాకు శిక్షణలు. మొత్తం మీద డిసెంబరు మధ్య వరకు మా ఇద్దరికీ సరిగ్గా కుదరలేదు. డిసెంబరులో మూడోసారి కాగితం ఇస్తే 14కు పడిపోయింది. పడింది ఎక్కడని చూస్తే, కూడికలు, తీసివేతలు ఉన్నచోటే ఉన్నాయి. మొదట్లో నాలుగుకు నాలుగు తెచ్చుకున్న గుణకారంలో ఈసారి ఒక్కటే వచ్చింది. (−3) × (−5) దగ్గర −15 రాసి, "చుట్టినయి రెండు కలిస్తే చుట్టిందే గద సార్" అన్నాడు.

కొత్త పద్ధతి పాతదాన్ని తినేసింది. ఒకప్పుడు గుణకార నియమం కూడికలోకి చొరబడింది, ఇప్పుడు కూడిక ఊహ గుణకారంలోకి చొరబడింది. తప్పు నాదే. గుణకారం అతనికి వచ్చనుకుని దాన్ని ముట్టుకోలేదు. నిజానికి అతనికి వచ్చింది పాట మాత్రమే, ఆ పాటనే నేను అనుమానించేలా చేశాను. సంక్రాంతి తరువాత పుస్తకాన్ని పక్కనపెట్టి, వరుసగా రాయించాను: 3 × (−5) = −15, 2 × (−5) = −10, 1 × (−5) = −5, 0 × (−5) = 0. ఒక్కో మెట్టు దిగిన కొద్దీ జవాబు అయిదేసి పెరుగుతోందని అతడే గమనించాడు. తరువాతి వరుసలో (−1) × (−5) రాసి, "అయిదే రావాలె, లేకపోతే వరుస చెడిపోతది" అన్నాడు. ఈ ముక్క నేను ఏడో తరగతిలో, చార్టు కంటే ముందు చెప్పవలసింది.

తక్కిన పదిమంది గురించి క్లుప్తంగా చెబుతాను. చుట్టే గుర్తు అందరికీ పనిచేయలేదు. ఇంట్లో లెక్కలు రాసే అలవాటున్న నలుగురు వెంటనే అందుకున్నారు. కొందరికి సంఖ్యారేఖ మీద అడుగులు వేయించడమే మేలైంది. ఇద్దరి విషయంలో ఏదీ నిలవలేదు, వారికి అసలు చిక్కు గుర్తుల్లో కాదు, 15లోంచి 7 తీసివేయడంలోనే ఉందని ఆలస్యంగా తెలిసింది. ఒక పిల్లవాడికి కుదిరిన ఉపాయాన్ని తరగతి మొత్తానికి పద్ధతిగా ప్రకటించాలన్న ఉబలాటం నాకు కలిగింది, ఈ ఇద్దరూ దాన్ని ఆపారు.

సంవత్సరాంత పరీక్షలో ఈ అబ్బాయి 3x − 4 = −19ని చేసిన తీరును నేను ప్రత్యేకంగా చూశాను. 3x = −19 + 4, 3x = −15, x = −5. మార్జిన్‌లో పెన్సిలుతో చుట్టిన 19, దాని కింద 4, దాని కింద చుట్టిన 15 ఉన్నాయి. పేపరు దిద్దిన మా సహోపాధ్యాయిని ఆ సున్నలు ఏమిటని అడిగారు. రఫ్ వర్క్ అని చెప్పాను.

తొమ్మిదో తరగతిలోనూ అతడు నా దగ్గరే ఉన్నాడు. బహుపదులు మొదలయ్యాక చుట్టే గుర్తు అక్షరాల మీదికి వచ్చింది. −x కనిపిస్తే xను చుడుతున్నాడు. x = −2 అయినప్పుడు −x ఎంత అని అడిగితే మొదట −2 అన్నాడు. "చుట్టి ఉన్నది కద సార్, మైనస్సే ఉంటది" అని కారణం కూడా చెప్పాడు. చుట్టిన గడిలో x బదులు ముందు చుట్టిన 2నే పెట్టి చూడమన్నాను. పెట్టాడు. సున్న లోపల ఇంకో సున్న, దాని లోపల 2. దాన్ని చాలాసేపు చూసి, లోపలి సున్నను చెరపాలా, బయటిదాన్ని చెరపాలా అని అడిగాడు. ఏది చెరిపినా ఇంకొకటి మిగులుతుంది కదా అన్నాను. బెల్లు కొట్టారు. ఆ కాగితం అతని నోట్‌బుక్కులోనే ఉంది, సోమవారం అక్కడి నుంచే మొదలుపెడతాం.